ఊ కొట్టే మనిషి ముందు, కథ తరువాత: ఆఫ్రికా జానపద కథను మన ఊళ్లో చెప్పే పద్ధతి

మా శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో కథ తెలిసిన ముసలమ్మ నులకమంచం మీద సర్దుకుని కూర్చోగానే ఊ కొట్టేది ఎవరో ముందుగా తేల్చుకుంటుంది. మధ్యలో ఊ ఆగిపోతే కథ కూడా ఆగిపోతుంది, "ఏటర్రా, నిద్దరోయినారేటి?" అని ఒకసారి అడిగి, బదులు రాకపోతే దుప్పటి కప్పి లేచిపోతుంది. పశ్చిమ ఆఫ్రికాలోని మాలీ, గినీ, సెనెగల్, గాంబియా దేశాలలో తరతరాలుగా కథాగానం చేసే జెలీల దగ్గరా ఇలాంటి ఏర్పాటే ఉంది. జెలి ఒక పంక్తి ముగించగానే పక్కన కూర్చున్న మనిషి "నాము" అంటాడు. "అవును, నిజమే" అని దాని భావం. ఆ మాట అనడానికి ప్రత్యేకంగా ఒక మనిషి ఉంటాడు, అతడు సరైన చోట అనకపోతే కథకుడి నడక తడబడుతుంది. పన్నెండేళ్లుగా టెక్కలి, పలాస, చీపురుపల్లి, బొబ్బిలి చుట్టుపక్కల బడులలోనూ, గ్రంథాలయాలలోనూ, అప్పుడప్పుడు అమ్మవారి సంబరాలలోనూ ఆఫ్రికా కథలు చెబుతున్న నేను, ఈ పని మొదలుపెట్టదలచిన వారికి ముందుగా చెప్పే మాట ఒక్కటే: కథ నేర్చుకునే లోపే ఊ కొట్టే మనిషిని వెతుక్కోండి.

ఎవరి కథను తీసుకోవచ్చు

ఆఫ్రికాలో కథ చెప్పేవారందరూ ఒకే రకం కాదన్నది మొదట గ్రహించవలసిన సంగతి. మాండే భాషలు మాట్లాడే సమాజాలలో జెలి అన్నది పుట్టుకతో వచ్చే వృత్తి. జెలికి ప్రపంచంలో ఎక్కువగా తెలిసిన గ్రియో అన్న పేరు ఫ్రెంచివారి రాతల ద్వారా వ్యాపించింది. కమ్మరులు, తోలుపనివారు ఉన్న వృత్తివర్గంలోనే జెలీలూ ఉంటారు, పెళ్లి సంబంధాలు కూడా సంప్రదాయంగా ఆ వర్గం లోపలే సాగుతాయి. కుయాతే, జాబాతే వంటి ఇంటిపేర్లు వినగానే వారు ఆ వంశాలవారని అక్కడివారికి తెలిసిపోతుంది. పిల్లవాడు తండ్రి దగ్గరో మేనమామ దగ్గరో ఏళ్ల తరబడి ఉండి, వాద్యం మోయడం, శ్రుతి చేయడం, పెద్దవాడు పాడుతుంటే బదులు పలకడం నేర్చి, చివరకు వంశావళులను నోటికి ఎక్కించుకుంటాడు. వారి వాద్యమైన కోరాను పెద్ద ఆనపబుర్రను సగానికి కోసి, దాని మీద ఆవుతోలు బిగించి, 21 తీగలు కట్టి తయారు చేస్తారు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసకర్రను తొలిచి వీణ చేసేవారిని చూసినవారికి ఈ పనిలోని ఓపిక ఎలాంటిదో వేరుగా చెప్పనక్కరలేదు.

నామకరణంలోనూ పెళ్లిలోనూ జెలి వచ్చి ఆ ఇంటి పూర్వీకుల పేర్లు పాడతాడు. రెండు కుటుంబాల మధ్య మాట పట్టింపు వస్తే నడుమ కూర్చుని సర్దుబాటు చేస్తాడు. అందుకు కానుకలు పుచ్చుకుంటాడు. స్త్రీలలోనూ గొప్ప గాయకులు ఉన్నారు, పాట విషయంలో వారిదే పైచేయి అని చెప్పవచ్చు. 13వ శతాబ్దంలో మాలీ సామ్రాజ్యాన్ని స్థాపించిన సుంజాత కెయిటా గాథ ఈనాటికీ నిలిచి ఉందంటే అది ప్రధానంగా వీరి నోటి చలవే. మన భట్రాజులు గుర్తుకు వస్తే అది సహజమే. భట్రాజు పొగడ్త అని మనం వెటకారంగా అన్నట్టే, జెలిని కూడా అక్కడివారు ఒకవైపు వేడుకకు తప్పనిసరిగా పిలుస్తూ, అతడి నోటికి భయపడుతూ, మరోవైపు కాస్త తక్కువగా చూస్తూ వచ్చారు. కథ చెప్పేవాడి బతుకు ఏ ఖండంలోనైనా ఇంతేనేమో అని నాకు అనిపిస్తుంది.

ఇందువల్ల మనకు రెండు హద్దులు ఏర్పడుతున్నాయి. నాలుగు కథలు నేర్చుకున్నంత మాత్రాన మనలను మనం గ్రియోలమని చెప్పుకోకూడదు. అది వంశానికి చెందిన పేరు. సుంజాత గాథ వంటి వంశచరిత్రలను కూడా వారికే వదిలిపెట్టడం మర్యాద. మనం తీసుకోదగినవి అమ్మమ్మలు, పొలం నుంచి వచ్చిన పెద్దలు, కొంచెం మాటకారితనం ఉన్న ఎవరైనా రాత్రిపూట చెప్పుకునే కథలు. ఘనా దేశంలోని అకాన్ ప్రజలలో ఇవి అనాన్సె అనే సాలీడు చుట్టూ తిరుగుతాయి. నైజీరియాలోని యొరుబా వారి కథల్లో ఇజాపా అనే తాబేలు, హౌసా వారి కథల్లో గిజో అనే సాలీడు, తూర్పు, దక్షిణ ప్రాంతాలలో చాలా చోట్ల కుందేలు ఆ స్థానంలో ఉంటాయి. బానిసలుగా ఓడలకెక్కించి తీసుకుపోయిన మనుషులతో పాటు అనాన్సె అట్లాంటిక్ సముద్రం దాటి జమైకాకు కూడా చేరాడు. చెప్పేటప్పుడు "ఇది ఆఫ్రికా కథ" అని వదిలేయకుండా, "ఘనాలో అశాంతి అనే అకాన్ తెగవారు చెప్పుకునే కథ" అని ఊరూ పేరూ చెప్పాలి. 54 దేశాలు, దాదాపు 2,000 భాషలు ఉన్న ఖండాన్ని ఒక్క మాటలో కుక్కేయడం, కంచిలి పిల్లవాడికి కశ్మీరు కథ చెప్పి "ఇది ఆసియా కథ" అన్నట్టే ఉంటుంది.

మార్చవలసినది, మార్చకూడనిది

నేను చేసిన పెద్ద పొరపాటు ఈ విషయంలోనే జరిగింది. మొదటి ఏడాది ఒక వేసవి శిబిరంలో అనాన్సె కథ చెప్పవలసి వచ్చినప్పుడు, సాలీడు కథానాయకుడంటే మన పిల్లలకు ఎక్కదని నాకు నేనే అనుకుని, దానిని నక్కగా మార్చాను. పంచతంత్రం వల్ల నక్క అందరికీ తెలిసినదే కనుక కథ సులువుగా సాగుతుందని నా లెక్క. అంతా బాగానే నడిచింది గాని, చివరలో నక్క దారం పట్టుకుని ఆకాశానికి ఎక్కి దేవుడిని కలిసిందని చెప్పగానే, ముందు వరసలో కూర్చున్న ఎనిమిదేళ్ల పిల్ల లేచి, "నక్కకి దారం ఎక్కడిది సార్?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. పిల్లలందరూ నవ్వారు, కథ అక్కడే కూలిపోయింది. సాలీడు చిన్నది, బలం లేనిది, మూలన ఉండేది, అయినా తన ఒంట్లోంచి దారం తీసి ఎక్కడికైనా పోగలిగేది; ఆ కథల బిగువంతా ఇందులోనే ఉంది. ప్రధాన పాత్రను ఎన్నడూ మార్చకండి.

తిండి, చెట్టు, పనిముట్టు వంటి వాటిని మార్చవలసిన అవసరం మనం అనుకున్నంతగా రాదు, ఎందుకంటే అక్కడివి చాలావరకు ఇక్కడా ఉన్నాయి. అకాన్ కథల్లో తరచూ కనిపించే దుంప మన పెండలానికి దగ్గరి చుట్టం కనుక పెండలం అనే చెప్పవచ్చు. దానిని కర్రపెండలం అనకూడదు. అది వేరే మొక్క, దక్షిణ అమెరికా నుంచి పోర్చుగీసువారి ద్వారా ఆఫ్రికాకు చేరింది. తాటిమట్ట, అరటాకు, ఆనపబుర్ర, గవ్వ, తేనెపట్టు, చెదపుట్ట అన్నీ మన పిల్లలు చూసినవే. కొన్ని చోట్ల మన ఊరే కథకు అదనపు బలం ఇస్తుంది. అనాన్సె లోకంలోని తెలివినంతా ఒక కుండలో పెట్టి, ఎవరికీ అందకుండా చెట్టు మీద దాచాలని, ఆ కుండను పొట్టకు కట్టుకుని ఎక్కబోయి జారిపడుతూ ఉంటాడు. కింద నిలబడిన కొడుకు "వీపుకి కట్టుకోవచ్చు కదా నాన్నా" అంటాడు. ఈ కథను పట్నంలో చెబితే కొడుకు మాట వచ్చిన తరువాత నవ్వుతారు. ఉద్దానం పల్లెలో చెబితే, కుండ పొట్టకు కట్టుకున్నాడని అనగానే నవ్వు మొదలవుతుంది, ఎందుకంటే మోకు వేసుకుని, నడుము వెనక లొట్టి వేలాడదీసుకుని తాడిచెట్టు ఎక్కే మనిషిని వారు రోజూ చూస్తారు. అక్కడ కథకుడు చేయవలసిందల్లా నోరు మూసుకుని ఆ నవ్వు పూర్తయ్యేవరకు ఆగడమే.

నోటికి ఎక్కించుకునే తీరు

చాలామంది చేసే తప్పు, కథను పుస్తకంలో ఉన్నట్టు వాక్యాలు వాక్యాలుగా బట్టీ పట్టడం. బట్టీ పట్టినవాడికి ఒక వాక్యం జారిపోతే మొత్తం జారిపోతుంది, పైగా అతడి కళ్లు ఎదుటివారిని చూడవు, లోపలి కాగితాన్ని చూస్తుంటాయి. నేను పాటించే పద్ధతి ఇది: కథను మూడుసార్లు పైకి చదివి, పుస్తకం మూసేసి, ఇంట్లో వంట చేస్తున్నవారికి మామూలు మాటల్లో చెబుతాను. వారు ఎక్కడ "ఆ, తరవాత?" అంటారో, ఎక్కడ నా మాట వినకుండా పోపు పెట్టుకుంటారో గమనిస్తాను. వదిలేయవలసిన చోట్లు ఆ పోపు చప్పుడే చెబుతుంది. ఆ తరువాత కథను ఐదారు ఎముకలుగా విడగొట్టుకుని, ఎముకలను, పాటను, ఆరంభాన్ని, ముగింపును మాత్రం మాట మారకుండా పట్టుకుని, మిగిలిన కండను ఆ రోజు వినేవారిని బట్టి పెంచుతాను, తగ్గిస్తాను.

జ్ఞాపకానికి చేతిలో వస్తువు ఉండడం ఆఫ్రికాలోనే ఉన్న పద్ధతి. కాంగోలోని లూబా ప్రజలలో లుకాసా అనే చెక్కపలక ఉంటుంది. అరచేతిలో పట్టే ఆ పలక మీద పూసలు, గవ్వలు పొదిగి ఉంటాయి. చరిత్ర చెప్పడంలో శిక్షణ పొందిన మనిషి వాటిని వేలితో తడుముతూ రాజుల కథను, ప్రయాణాలను వినిపిస్తాడు. నేను దీనికి నకలు చేయలేదు, చేయకూడదు కూడా. గోగునార తాడు ఒకటి తీసుకుని, కథకు సంబంధించిన వస్తువులను వరసగా కట్టుకున్నాను. కింద చెప్పబోయే అనాన్సె కథ తాడుకు చిన్న తాటిమట్ట ముక్క, ఆనపగింజ, గోతికి గుర్తుగా మట్టిపెంకు, తుమ్మజిగురు ఉండ ఉంటాయి. జేబులో చెయ్యి పెట్టి ఆ తాడును తడుముతూ చెబితే, విద్యుత్తు పోయినా, ఎవరైనా మధ్యలో లేచి అడ్డం పడినా దారి తప్పే పని ఉండదు. పిల్లలకు నేర్పించేటప్పుడు ఎవరి తాడు వారినే కట్టుకోమంటే సగం కథ కట్టేటప్పుడే వచ్చేస్తుంది.

చెప్పే భాష మీ ఊరి భాషే కావాలి. పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి సవర భాషను సవరల నోటి నుంచే నేర్చుకున్న ప్రాంతం మనది. జనం మాట్లాడే మాటను రాతలోకి తేవాలని ఆయన పోరాడిన తరువాత కూడా మనం కథను పాఠ్యపుస్తకం గొంతుతో చెబితే బాగుండదు. అయితే వెక్కిరింపుగా యాస పెట్టడం వేరు, మాట్లాడడం వేరు. సినిమాల్లో హాస్యానికి వాడినట్టు "ఏటి, ఎల్లిపోనాడు" అని సాగదీసి చెబితే పెద్దవారు ముఖం తిప్పుకుంటారు, వారి కోపం న్యాయమైనదే.

ఊ కొట్టే మనిషిని తయారు చేయడం

ఉత్తరాంధ్రలో ఈ పని తెలియనివారు లేరు, ఎందుకంటే మన జముకుల కథలో కథకుడి పక్కన వంత పాడేవారు ఉంటారు. బుర్రకథలో ఒక వంత హాస్యం, మరో వంత లోకం పోకడలు అందుకుంటారు. బొబ్బిలి దగ్గర అజ్జాడలో 1864లో పుట్టి హరికథకు పేరు తెచ్చిన ఆదిభట్ల నారాయణదాసు చిడతలు పట్టి, గజ్జె కట్టి, పాట, ఆట, వ్యాఖ్యానం అన్నీ ముందు నిలబడి నడిపించినవాడు. అంతటి విద్య మనకు లేదు కనుక వంత మీద ఆధారపడే పద్ధతే మనకు క్షేమం. ఆఫ్రికా జానపద కథ కూడా ఆ పద్ధతికే దగ్గర.

హౌసా కథకుడు "ఇదిగో, ఇదిగో వచ్చింది" అనే భావం ఉన్న మాటతో మొదలుపెడితే, వినేవారు "రానీ, విందాం" అని బదులిస్తారు. యొరుబా వారి దగ్గర కథకుడు "ఆలో ఓ" అంటే జనం "ఆలో" అంటారు. స్వాహిలీలో "పౌక్వా" అంటే "పకావా" అంటారు. జూలూ కథకు ఇచ్చే బదులు మాటలో మొదటి ధ్వని, మనం జాలిపడుతూ "అయ్యో పాపం" అనేటప్పుడు నాలుకను పళ్లకు తగిలించి చేసే చప్పుడే. పిల్లలకు ఈ సంగతి చెప్పి ఒక్కసారి చేయించారంటే సభ మీ చేతికి వచ్చినట్టే. నేను హౌసా ఆరంభాన్ని తీసుకుని, మా పిల్లల నోటికి నప్పేలా ఇలా చేసుకున్నాను: నేను "ఇదిగో, వొచ్చీసినాది!" అంటాను, వారు "రానీ మరి, ఇంటాం!" అంటారు. మూడుసార్లు అనిపించి, మూడోసారి గొంతు తగ్గిస్తాను. అప్పుడు వారంతట వారే నిశ్శబ్దమవుతారు. "సైలెన్స్" అని అరవనక్కరలేదు.

ఊ కొట్టే మనిషిగా క్లాసులో అల్లరి ఎక్కువగా చేసే పిల్లనో పిల్లవాడినో ఎంచుకోండి. బుద్ధిమంతులు ప్రతి వాక్యానికీ ఒకే రకం ఊ కొడతారు. అల్లరివాడి ఊలో అనుమానం, ఆశ్చర్యం, వెటకారం అన్నీ ఉంటాయి. వాడికి మూడు సంగతులు చెబితే చాలు: వాక్యం చివర నేను ఊపిరి తీసుకున్నప్పుడు ఊ అనాలి, నమ్మశక్యం కాని మాట వస్తే "నిజిమేటి?" అనవచ్చు, నేను దారి తప్పితే "అది కాదు కదా సార్" అని నిలదీయవచ్చు. చివరి దానికి చాలామంది మాస్టార్లు ఒప్పుకోరు. అకాన్ కథాసభలో మ్మొగువొ అనే పద్ధతి ఉంది: వినేవారిలో ఎవరైనా కథకుడిని ఆపి, ఒక పాట ఎత్తుకుని, అందరిచేతా పాడించి, తిరిగి కథను అతడికి అప్పగిస్తారు. అడ్డు తగలడాన్ని అమర్యాదగా కాక కథలో భాగంగా చూసే ఆ సంస్కారం లేకుండా ఈ కథలు చెప్పడం, ఉప్పు లేని అంబలి పోసినట్టే. కథకు ముందు పది నిమిషాలు పొడుపు కథలు వేయించడం కూడా మంచిది. యొరుబా వారిలో ఈ అలవాటు ఉంది, మనకూ అది కొత్త కాదు.

కొండచిలువ కథ: ఒక ఘట్టం ఎలా నడపాలి

అకాన్ కథ ప్రకారం లోకంలోని కథలన్నీ ఒకప్పుడు ఆకాశదేవుడు న్యామె దగ్గరే ఉండేవి. వాటిని కొనుక్కుంటానని అనాన్సె వెళితే, కొండచిలువను, కందిరీగలను, చిరుతను, మ్మోఆతియా అనే వనదేవతను పట్టి తెమ్మని ఆయన ధర చెప్పాడు. అనాన్సె తన భార్య అసోతో ఆలోచించి ఒక్కొక్కదాన్నీ ఉపాయంతో పట్టాడు. అందుకే అక్కడ కథలను సాలీడు కథలంటారు. ఈ నాలుగింటిలో కొండచిలువ ఘట్టాన్ని మాత్రం నేను తీరికగా చెబుతాను, ఎందుకంటే సభను రెండుగా చీల్చడానికి అందులో సొంతంగానే వీలుంది.

అసలు కథలో అనాన్సె తాటిమట్ట ఒకటి, తీగ ఒకటి పట్టుకుని, భార్యతో వాదిస్తున్నట్టు నటిస్తూ కొండచిలువ ఉండే వాగు వైపు నడుస్తాడు: ఇది దానికంటే పొడుగు, కాదు పొట్టి, అబద్ధం, నిజం. పాము ఆ మాటలు విని ఏమిటని అడుగుతుంది. నేను ఈ చోటికి రాగానే, ఎడమవైపు కూర్చున్నవారిని అనాన్సెగా, కుడివైపువారిని అసోగా చేసి, "మట్టే పొడుగు" అని ఒక వరస, "కాదు, పామే పొడుగు" అని రెండో వరస అనేలా పాట అందిస్తాను:

కొండసిలవ పొడుగా, తాటిమట్ట పొడుగా,
కొలిసి సూస్తే గాని తెలదు, సాగి పడుకో పామా.

ముందు నెమ్మదిగా, తరువాత వేగంగా, చివరకు కొట్లాటగా పాడిస్తాను. వారు వాదిస్తుండగా నేను నేల మీద మోచేతులు ఆనించి పాములా కదులుతాను, ఏమీ మాట్లాడను. మూడోసారి పాట ముగిసిన తరువాత మాత్రం తల ఎత్తి, చాలా మర్యాదగా, "ఏటమ్మా, ఆలుమగలు ఎందుకు దెబ్బలాడుకుంతున్నారు?" అని అడుగుతాను. తమ వాదన విని పాము వచ్చిందని పిల్లలకు అప్పుడు తెలుస్తుంది; ఉచ్చు బిగించింది కథకుడు కాదు, తామేనని వారికి తడుతుంది. ఆ క్షణంలో నవ్వే నవ్వు వేరుగా ఉంటుంది. ఆపైన పాము మట్ట పక్కన సాగి పడుకోవడం, అనాన్సె తీగతో తోక నుంచి తల వరకు చుట్టేయడం మూడు వాక్యాల్లో ముగించేయాలి. అక్కడ సాగదీస్తే బిగువు పోతుంది.

కందిరీగల ఘట్టంలో అనాన్సె తల మీద అరటాకు పెట్టుకుని, బుర్రలోని నీళ్లు కొంచెం తన మీద, కొంచెం వాటి మీద చల్లి, "వాన వచ్చింది, నా బుర్రలో దూరండి" అంటాడు. ఇక్కడ మాటలకంటే చప్పుళ్లు పని చేస్తాయి. ఆఫ్రికా భాషలలో చాలావాటిలో ధ్వనిని అనుకరించే మాటలు విస్తారంగా ఉన్నాయి, కథకులు వాటి మీదే బతుకుతారు. తెలుగులో కూడా టపటప, జుమ్మున, బిలబిల, గబుక్కున అనే మాటలకు కొదవ లేదు. "వాన మొదలైంది" అని చెప్పకుండా, వేళ్లతో తొడ మీద టప, టప, టపటప అని వాయించి, కందిరీగలు జుమ్మంటూ దూరిన తరువాత అరచేతితో బుర్ర మూతి మూసినట్టు ఒక్క చరుపు చరిచి ఆగండి. చిరుతను, వనదేవతను త్వరగా దాటించవచ్చు, అనాన్సె జిగురు పూసి నిలబెట్టిన బొమ్మకు వనదేవత చేతులు అంటుకునే చోట పిల్లలలో ఒకరిని లేపి ఆడిస్తే సరిపోతుంది. అనాన్సె మాటలను ముక్కుతో పలకడం అకాన్ కథకుల అలవాటు. మొదట కొంచెం సిగ్గుగా అనిపించినా, అది పట్టుబడితే "అనాన్సె అన్నాడు" అని ప్రతిసారీ చెప్పే బాధ తప్పుతుంది.

వేళ, చోటు, వేషం

కథ చీకటి పడిన తరువాతే చెప్పాలన్న నియమం ఆఫ్రికాలో చాలా చోట్ల ఉంది. పగలు చెబితే కొమ్ములు మొలుస్తాయని జూలూ పెద్దలు పిల్లలను బెదిరిస్తారు. మా అమ్మమ్మ పగలు కథ అడిగితే "దార్న పోయినోళ్లు దారి తప్పిపోతారు" అనేది. రెండింటి వెనకా ఉన్నది పొలం పని పాడవకూడదన్న లెక్కే అని నా అభిప్రాయం. బడిలో పగలే చెప్పక తప్పదు కనుక, కిటికీలు సగం మూసి, పిల్లలను బెంచీల మీద నుంచి దింపి నేల మీద అరచందమామ ఆకారంలో కూర్చోబెట్టండి. ఊళ్లో అయితే రామమందిరం అరుగు మంచి చోటు. నలభైమంది లోపు అయితే మైకు వద్దు. మైకు ఉంటే జనం ఊ కొట్టరు, చూస్తూ కూర్చుంటారు. ఒక కథకు ఇరవై నిమిషాలు, ఒక సాయంత్రానికి రెండు కథలు, అంతకు మించి వద్దు.

వేషం గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. ఒక బడి వార్షికోత్సవంలో ఆఫ్రికా కథ అని పేరు పెట్టి, పిల్లల ముఖాలకు మసి పూసి, నడుముకు ఆకులు కట్టి, అర్థం లేని అరుపులు అరిపించడం చూశాను. నన్ను అతిథిగా పిలిచారు కనుక లేచి వెళ్లలేకపోయాను, ఆ సంగతి ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంది. ఘనాలో చేతితో నేసిన కెంటె వస్త్రం ధరించే మనుషుల కథ అది. మన పొందూరు ఖద్దరు కట్టుకుని చెబితే చేనేతకు చేనేత సరిపోతుంది, ఎవరికీ అవమానం జరగదు.

నీతి లేకుండా ముగించడం

బడిలో కథ చెప్పగానే "ఈ కథలోని నీతి ఏమిటి?" అని అడగడం మనకు చిన్ననాటి నుంచీ పట్టిన అలవాటు. అకాన్ కథకుడు ఆ పని చేయడు. నేను చెప్పిన ఈ కథ తియ్యగా ఉన్నా, తియ్యగా లేకపోయినా, కొంత మీరు తీసుకుపోండి, కొంత నాకు తిరిగి రానివ్వండి అనే అర్థం వచ్చే మాటతో ముగిస్తాడు. ఆరంభంలో కూడా, చెప్పబోయేది నిజమని మేము అనడం లేదని ముందే ఒప్పుకుంటాడు. మీరు కూడా ముగింపు మాట ఒకటి స్థిరంగా పెట్టుకుని, అది అనగానే లేచిపోండి.

పశ్చిమ ఆఫ్రికాలో విస్తారంగా ఉన్న మరో రకం కథలు ముగియవు, ప్రశ్న దగ్గర ఆగుతాయి. ఆ తరువాత జనం వాదించుకోవడమే అసలు వేడుక. భట్టి విక్రమార్క కథల్లో భేతాళుడు అడిగే ప్రశ్నలు పెరిగిన పిల్లలకు ఈ పద్ధతి వెంటనే అర్థమవుతుంది, తేడా అల్లా ఇక్కడ తల వెయ్యి ముక్కలవుతుందన్న భయం లేకపోవడం. నేను ఎక్కువగా చెప్పేది లైబీరియా కథ. ఒక వేటగాడు అడవికి పోయి తిరిగి రాలేదు. రోజులు గడిచాయి, కొడుకులు తమ పనుల్లో పడ్డారు. అతడు వెళ్లిన తరువాత పుట్టిన పసివాడికి మాటలు వచ్చి, మొదటగా "నాన్న ఎక్కడ?" అని అడిగాడు. అప్పుడు అన్నలు ఉలిక్కిపడి అడవికి వెళ్లి ఎముకలు కనుగొన్నారు. ఒకడు ఎముకలను పేర్చాడు, ఒకడు కండ పెట్టాడు, ఒకడు రక్తం నింపాడు, ఒకడు ఊపిరి పోశాడు. తండ్రి లేచి ఇంటికి వచ్చాడు. అతడు ఆవుతోక వెంట్రుకలు అల్లి, గవ్వలు కుట్టి, అందమైన చామరం ఒకటి చేసి, నన్ను బతికించినవాడికి ఇది ఇస్తానన్నాడు. ఎవరికి ఇవ్వాలి? లైబీరియాలో నమోదైన రూపంలో తండ్రి తానే తీర్పు చెప్పి దానిని పసివాడికి ఇస్తాడు. నేను అంతవరకు వెళ్లకుండా, ప్రశ్న దగ్గరే ఆపి చామరం లాంటిది ఒకటి చేత్తో పట్టుకుని తిరుగుతాను. ఎవరు మాట్లాడదలచుకుంటే వారు దానిని అందుకోవాలి, అది చేతిలో లేనివారు వినాలి.

ఇచ్ఛాపురం వైపు ఒక ఊళ్లో, సగం ఇళ్లలో మగవాళ్లు చెన్నైకో హైదరాబాదుకో పనికి పోయిన రోజుల్లో ఈ కథ చెప్పాను. నాలుగో తరగతి పిల్ల చామరం అందుకుని, "అడిగినోడికే ఇయ్యాల, అడక్కపోతే ఆళ్లకి గుర్తే లేదు కదా" అని, ఇంకేమీ అనకుండా కూర్చుంది. వెనక నుంచి ఆసుపత్రిలో పని చేసే అబ్బాయి ఒకడు లేచి రక్తం లేకుండా ఏదీ సాగదన్నాడు. ఒక పెద్దాయన ఎముక నిలబడకపోతే రక్తం ఎక్కడ పోస్తావని అడిగాడు. మరొకామె, ఆ వేటగాడి పెళ్లాం మాట ఎవరూ అనలేదేమని మందలించింది. వాదన తెగకముందే చివరి బస్సు హారన్ కొట్టింది, నేను ముగింపు మాట అనేసి పరిగెత్తాను. మర్నాడు ఉదయం ఆరున్నరకు ఆ ఆసుపత్రి అబ్బాయి ఫోన్ చేసి, రాత్రి తన మాట సరిగ్గా పూర్తి కాలేదని, ఓ పాజిటివ్ రక్తం సంగతి వివరించడం మొదలుపెట్టాడు.